నేను దిగితే ఆట ఆగింది

నాకు ఫోన్ వచ్చిందంటే ఎక్కడో ఎవరికో మోకాలు వాచిందని అర్థం. మోకాలు కాకపోతే చీలమండ, అదీ కాకపోతే నడుము. పదేళ్ళకు పైగా బాస్కెట్‌బాల్ ఆడుకునే బతికాను కానీ, ఒక్క సీజన్ కూడా మొదటినుంచి చివరిదాకా ఒకే టీంలో ఉన్న పాపాన పోలేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ ఖాళీలోకి నన్ను పిలుస్తారు. అతని కాలు బాగుపడగానే థాంక్స్ చెప్పి పంపించేస్తారు. టీవీలో మీరు చూసే పెద్ద లీగ్ కాదు సుమా. దాని కింద, ఆ కింద, ఇంకా కింద చిన్న ఊళ్ళ లీగ్‌లు కొన్ని ఉంటాయి. ఎప్పుడూ మంచు కురిసే ఊళ్ళు, హైస్కూల్ జిమ్ కంటే కాస్త పెద్ద హాళ్ళు, సగం ఖాళీ కుర్చీలు. నా సంసారమంతా అక్కడే.

ఈ పద్ధతి తెలిశాక అమ్మకు పెద్ద చిక్కొచ్చి పడింది. కొడుక్కి పని దొరకాలని దణ్ణం పెట్టుకోవాలంటే ఇంకో తల్లి కొడుక్కి దెబ్బ తగలాలి మరి. ఆవిడ చాలా ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టింది. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో, వంటింటి కబోర్డులో పెట్టుకున్న దేవుడి ముందు నిలబడి పైకే అనేది.

"స్వామీ, ఆ పిల్లాడికి పెద్ద దెబ్బ వద్దు. ఎముకా అదీ విరగొద్దు. ఊరికే కాస్త బెణికితే చాలు, ఒక నెల్లాళ్ళు."

ఫోన్‌లో అది విని నేను పడీ పడీ నవ్వేవాణ్ణి. "నవ్వకురా, నాకేమైనా సరదానా?" అని కసిరేది.

తెనాలి నుంచి ఇక్కడికి, అమెరికాకి, వచ్చేటప్పటికి నేను అయిదో తరగతి. మా ఇంట్లో అందరూ మామూలు ఎత్తే. నేనొక్కణ్ణే ఎవరో ఎరువు వేసినట్టు ఆరడుగుల అయిదంగుళాలు పెరిగాను. బస్సులో, గుళ్ళో, పెళ్ళి ఫోటోల్లో అది పెద్ద ఎత్తే. బాస్కెట్‌బాల్ కోర్టు మీదకు వెళితే మాత్రం అందరూ నా నెత్తిమీద నుంచే చూసేవాళ్ళు. ఎగరడంలో నేను అంతంత మాత్రం. బంతి వేయడంలో ఫరవాలేదు. మరి ఇన్నేళ్ళు నన్నెందుకు పిలిచారంటే, నాకు పడిపోవడం బాగా వచ్చు.

నవ్వకండి, అది నిజంగా ఒక విద్య. ఎదుటివాడు బంతితో దూసుకొస్తుంటే, వాడికంటే ముందే వెళ్ళి వాడి దారిలో కదలకుండా నిలబడాలి. వాడు వచ్చి గుద్దుతాడు. నేను వెల్లకిలా పడతాను. రిఫరీ ఈల వేసి తప్పు వాడిదంటాడు, బంతి మాకిస్తాడు. నా వీపు చూస్తే ఏ ఊళ్ళో నేలకి ఎంత గట్టి చెక్క వేశారో చెప్పొచ్చు. ఇలాంటి పనికి చప్పట్లు కొట్టేది నా టీంలో వాళ్ళూ కోచూ మాత్రమే. చూసే జనానికి నేను పడ్డానని కూడా తెలియదు, వాళ్ళ కళ్ళు బంతి మీదుంటాయి.

మన వాళ్ళ సంగతి మరీ అన్యాయం. ఎక్కడ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఎవరో ఒక అంకుల్ ప్లేటుతో సహా వచ్చి నిలబడేవాడు.

"ఇప్పుడు ఏ టీం బాబూ?"

చెప్పేవాణ్ణి.

"ఎప్పుడూ వినలేదే. టీవీలో వస్తుందా?"

"రాదు అంకుల్."

"మరి మాస్టర్స్ ఏమైనా ప్లాన్ చేస్తున్నావా?"

ఒళ్ళు మండిపోయేది. మీ ఆఫీసు పేరు నేనూ ఎప్పుడూ వినలేదు అంకుల్, అది టీవీలో వస్తుందా, అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చేది. అమ్మ దూరం నుంచి కళ్ళతోనే ఆపేసేది.

ఒకసారి అమ్మా నాన్నా నా ఆట చూద్దామని ఫ్లైటెక్కి మంచు గడ్డకట్టిన ఒక ఊరికి వచ్చారు. ఆ రోజు కోచ్ నన్ను ఒక్క నిమిషం కూడా దింపలేదు. ఆట అయ్యేదాకా బెంచి మీదే కూర్చున్నాను. బయటికొచ్చాక నాన్న నా వైపు చూడకుండా కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు. అమ్మ మాత్రం, "చక్కగా నిటారుగా కూర్చున్నావు నాన్నా. మిగతావాళ్ళంతా వంగిపోయి కూర్చున్నారు" అంది. ఆవిడ వెటకారం చేయలేదు. నిజంగానే మెచ్చుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

అలా తిరిగి తిరిగి ముప్ఫయ్ నాలుగో ఏట పడ్డాక, నా బతుకులో మొదటిసారి న్యూజెర్సీలోనే ఒక టీం నుంచి ఫోన్ వచ్చింది. అమ్మా నాన్నా ఉండే పార్సిప్పనీకి గంటలోపు. మా బాబాయి ఉండే ప్లెయిన్స్‌బరోకీ గంటలోపే. ఎవరికో చీలమండ బెణికింది. అమ్మ మొహంలో ఆ గర్వం మీరు చూడాలి, తనే స్వయంగా బెణికించినట్టు.

అక్కడ నాకు బాగా కుదిరింది. కుర్రాళ్ళు నన్ను తాత అనేవాళ్ళు, నేను తిట్టేవాణ్ణి, కలిసి తిరిగేవాళ్ళం. ఒక గురువారం ప్రాక్టీస్ అయ్యాక కోచ్ పిలిచాడు. బట్టతల, పెద్ద గొంతు, మొహమాటం లేని మనిషి.

"వాడి కాలు దాదాపు నయమైంది. నిన్ను సీజన్ చివరిదాకా ఉంచాలా వద్దా అని చూస్తున్నాను. శనివారం ఆట అయ్యాక చెబుతాను."

సరేనన్నాను. కారులో కూర్చున్నాక స్టీరింగ్ పట్టుకుని నాకు నేనే చెప్పుకున్నాను. ఇక్కడ ఉంచితే ఒక్క సీజన్ అయినా చివరిదాకా, మా వాళ్ళ కళ్ళముందు ఆడతాను. ఉంచకపోతే ఇంక చాలు, మళ్ళీ ఇంకెవరి మోకాలి కోసమూ ఎదురు చూడను. వీపు కూడా అదే మాట చాలారోజులుగా చెబుతోంది. రెండింటిలో ఏదో ఒకటి శనివారం తేలిపోతుంది.

అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడే జరిగింది అసలు పొరపాటు. ఆవిడ ఆ సాయంత్రమే మా బాబాయికి ఫోన్ చేసింది.

బాబాయిని మీరు ఆఫీసులో చూస్తే నమ్మరు. మందుల కంపెనీలో క్వాలిటీ చూసే ఉద్యోగం, మెళ్ళో బ్యాడ్జి, మెల్లగా మాట. కానీ కుర్రతనంలో తెనాలిలో ఒక పెద్ద హీరో అభిమాన సంఘానికి కార్యదర్శి. కొత్త సినిమా మొదటాటకి కాగితాల బాధ్యతంతా ఆయనదే. తెర మీద హీరో మొహం కనిపించీ కనిపించగానే హాలంతా కాగితం ముక్కలు ఎగరాలి. ఎగరకపోతే ఆ హీరోకి అంతకంటే అవమానం లేదు. ముప్ఫయ్యేళ్ళ నుంచి అమెరికాలో ఉన్నా ఆ విషయంలో ఆయన ఒక్క అంగుళం కూడా మారలేదు.

"వదినా, మన పిల్లాడు సొంత ఊళ్ళో దిగుతుంటే ఊరుకుంటామా?" అన్నాడట. శుక్రవారం సాయంత్రానికి ఆయన అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ వాట్సాప్ గ్రూపు మోగిపోయింది. ఇండియన్ స్టోర్‌లో వారం వారం పెట్టే కూరగాయల ధరల ఫ్లయర్లు కట్టలకు కట్టలు తెచ్చారట. ఒక ఆంటీ ఆఫీసులో ష్రెడ్డర్ ఉందంటే బాబాయి చేయి అడ్డం పెట్టి వద్దన్నాడట. మెషిన్‌లో వేస్తే దారాల్లా వస్తాయి, దభీమని కింద పడతాయి, చేత్తో చింపినవే గాల్లో గిరికీలు కొడుతూ దిగుతాయని క్లాసు పీకాడట. ఆంటీలు, అంకుళ్ళు, కింది ఫ్లోర్‌లో మాస్టర్స్ చదువుకునే కుర్రాళ్ళు, అంతా డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని చింపారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే బాబాయిని ఇంట్లో పెట్టి తాళం వేసేవాణ్ణి.

శనివారం మధ్యాహ్నం ఆట. వార్మప్‌కి బయటికొచ్చి చూద్దును కదా, ఒక పక్క స్టాండంతా మనవాళ్ళే. చలి కోట్లు, పట్టుచీరల మీద స్వెట్టర్లు, మంకీ క్యాపులు. ప్లేటుతో నిలబడి మాస్టర్స్ గురించి అడిగే అంకుల్ కూడా ఉన్నాడు. కింది వరసలో ఉన్న ఒక స్టూడెంట్ కుర్రాడు రెయిలింగ్ మీద నుంచి వంగి అరిచాడు.

"అన్నా, నువ్వట్ల దిగు, మేమిట్ల హాలు లేపుతం!"

ఏదో చప్పట్లు కొడతారు కాబోలనుకుని బొటనవేలు చూపించాను.

రెండో క్వార్టర్ సగంలో కోచ్ నా భుజం తట్టాడు. జాకెట్ విప్పేసి స్కోర్ టేబుల్ దగ్గర మోకాలి మీద కూర్చున్నాను. ఈల మోగింది. మైకులో నా పేరు ఎప్పటిలాగే ముక్కచెక్కలైంది. గీత దాటి లోపలికి ఒక్క అడుగు వేశాను.

అంతే. ఒక్కసారిగా ఈలలు. నాలుగు వేళ్ళు నోట్లో పెట్టుకుని వేసే ఈలలు, ఆ హాలు పుట్టిన దగ్గర్నుంచీ విని ఉండదు. ఆ వెంటనే తెల్లగా, పచ్చగా, ఎర్రగా గాలి నిండా కాగితాలు. బాబాయి అన్నంత పనీ చేశాడు, గిరికీలు కొడుతూనే దిగాయి. కోర్టు మీద, రిఫరీ బట్టల మీద, చీర్ గాళ్స్ జుట్టులో, స్కోర్ టేబుల్ మీద లాప్‌టాప్‌లలో, ఎదుటి టీం కోచ్ తాగుతున్న కాఫీలో. రిఫరీ ఈల వేశాడు. మన కుర్రాళ్ళు అది మెచ్చుకోలు అనుకుని ఇంకా గట్టిగా వేశారు.

ఆట ఆపేశారు. జనం కోర్టు మీదకి ఏమైనా విసిరితే ఆ ఊరి టీంకే శిక్ష వేస్తారు. రిఫరీ రెండు చేతులూ అడ్డంగా కలిపి చూపించాడు, టెక్నికల్ ఫౌల్. ఎదుటివాళ్ళకి ఒక ఫ్రీ త్రో, అంటే అడ్డుకునేవాడు లేకుండా వేసే బంతి, పడితే ఒక పాయింటు. చూస్తే అమ్మ రెండు గుప్పిళ్ళ నిండా కాగితాలతో లేచి నిలబడి ఉంది, రెండో విడతకి సిద్ధంగా.

"అమ్మా! ఆపండి! మీకు పుణ్యముంటుంది!" అని కోర్టు మధ్యలోంచి గొంతు చించుకున్నాను.

కోచ్ గీత దాకా వచ్చాడు. "నీ వాళ్ళా?"

"మా వాళ్ళే."

"ఏం కావాలట వాళ్ళకి? ఏదైనా ధర్నానా?"

"కాదు కోచ్. నేను దిగానని సంతోషం."

ఆయన నన్నూ స్టాండునీ మార్చి మార్చి చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

పెద్ద తుడుపు కర్రలతో నలుగురు వచ్చి ఊడవడం మొదలుపెట్టారు. సిగ్గుతో భూమిలోకి దిగిపోవాలనిపించింది. బాబాయి గొంతు పిసికేయాలనీ అనిపించింది. దాచడమెందుకు, అదే సమయంలో నా ఛాతీ ఇంత పొంగింది. ఎన్ని ఊళ్ళు, ఎన్ని హాళ్ళు, ఎన్నిసార్లు ఇలా లేచి లోపలికి వచ్చాను! ఒక్కసారి, ఒక్కడంటే ఒక్కడు, పాప్‌కార్న్ తినడం ఆపి తల ఎత్తలేదు. ఇవాళ నేను దిగినందుకు హాలు మొత్తం పని మానుకుని కూర్చుంది.

ఎదుటి టీంలో నాలాంటివాడే ఒకడున్నాడు. రెండు ఊళ్ళలో నాతో కలిసి ఆడాడు, వాడిదీ సూట్‌కేసు బతుకే. మెల్లగా పక్కకొచ్చి తన భుజం మీద ముక్క తీసి చూశాడు. దాని మీద బెండకాయల బొమ్మ.

"ఏమిటిది?"

"నేను దిగితే మా వాళ్ళు ఇలాగే చేస్తారు" అన్నాను తల పైకెత్తి.

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

వాడు ఈర్ష్యగా స్టాండు వైపు చూసి, ఆ ముక్కను మేజోడులో దోపుకున్నాడు.

వాళ్ళ ఫ్రీ త్రో పడింది. ఆట మళ్ళీ మొదలైంది. ఆ రోజు ఎలా ఆడానంటే, కాళ్ళు నావి కావేమో అనిపించింది. మూల నుంచి వేసిన బంతి పడింది. వాళ్ళ చేతిదాకా వెళ్ళిన రెండు బంతులు లాక్కున్నాను. మూడో క్వార్టర్‌లో వాళ్ళ టీంలో అందరికంటే భారీ మనిషి దూసుకొస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. వాడు గుద్దిన గుద్దుకి కోర్టు చివరి గీత దాకా జారిపోయాను. మా బెంచి మొత్తం లేచి చప్పట్లు. వాటన్నిటినీ మించి అమ్మ గొంతు వినిపించింది.

"ఒరేయ్ దున్నపోతా! కళ్ళు నెత్తికెక్కాయా? మా పిల్లాణ్ణి తోసేస్తావట్రా?"

ఆ మనిషికి భాష రాకపోయినా భావం అందినట్టుంది, నాకు చెయ్యందించి లేపాడు. బంతి మాకొచ్చిందని నాన్న ఆవిడకి చెబుతున్నాడు. "బంతి ఎవడిక్కావాలి, వాడి నడుం చూడండి ముందు" అంటోంది. నేను నవ్వుతూనే పరుగెత్తాను. కోర్టు మీద అంత నవ్వుకుంటూ ఎప్పుడూ ఆడలేదు.

ఓడిపోయాం. ఒక్క పాయింటుతో. కల్పించి చెబుతున్నాననుకుంటారు, కానీ అదే నిజం. చివరి బంతి రింగు మీద తిరిగి బయటికి పడగానే నేను స్కోరు బోర్డు చూడలేదు, స్టాండు వైపు చూశాను. మనవాళ్ళంతా ఆ ఫ్రీ త్రో పాయింటు లెక్క వేసుకున్నట్టున్నారు. బాబాయి మంకీ క్యాప్ తీసి చేత్తో నలుపుతున్నాడు.

స్నానం చేసి కోచ్ గదికి వెళ్ళాను. తలుపు వేయమన్నాడు. తలుపు వేయమన్నారంటే నాకు తెలిసిపోతుంది.

"సోమవారం వాడు తిరిగి వస్తున్నాడు. నువ్వు బాగా ఆడావు. నీలాంటివాణ్ణి వదులుకోవడం నాకిష్టం లేదు. కానీ ఒకటే ఖాళీ."

"ఆ కాగితాల వల్లనా?"

"కాదు. డాక్టర్ పొద్దునే ఫోన్ చేశాడు. అప్పుడే నిర్ణయమైపోయింది. ఆటకి ముందు చెప్పడం ఎందుకని ఊరుకున్నాను."

ఈ మాటలు ఎన్ని గదుల్లో విన్నానో. ప్రతిసారీ కార్పెట్ చూస్తూ తలూపేవాణ్ణి. ఈసారి మాత్రం ఆయన కళ్ళల్లోకి చూసి చెయ్యి కలిపాను. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. బాగా ఆకలేసింది.

పార్కింగ్ లాట్‌లో ఇంకా వెలుగుంది. చలికి చేతులు రుద్దుకుంటూ మనవాళ్ళలో ఒక్కరు కూడా ఇంటికి వెళ్ళకుండా నిలబడి ఉన్నారు. అమ్మ అప్పటికే బాబాయిని వాయించేస్తోంది. "నీకు బుద్ధి ఉండక్కర్లేదా ఏమయ్యా? ఇది సినిమా హాలా?" పాపం తన గుప్పిళ్ళ సంగతి మర్చిపోయింది. నన్ను చూడగానే ఆపేసింది.

"తీసేశారా?"

"తీసేశారమ్మా. ఇంక అయిపోయింది. మళ్ళీ ఎక్కడికీ వెళ్ళను."

బాబాయి నా ముందుకొచ్చాడు.

"నా వల్లేరా అబ్బాయ్. ఆ ఒక్క పాయింటు లేకపోతే..."

"నీ వల్ల కాదు బాబాయ్. డాక్టర్ పొద్దునే చెప్పాడట. ఆట మొదలవకముందే నన్ను తీసేశారు."

బాబాయి మొహం ఎర్రబడింది. భయపడ్డాను, బీపీ మనిషి.

"పొద్దునే తెలుసా? ఆ పెద్దమనిషికి పొద్దునే తెలుసా? అయితే చెప్పొద్దూ ఎవడో ఒకడు! ఆట ఆపేశాక నీకు దెబ్బ పడుతుందేమోనని రెండో సంచి కార్లోంచి తేకుండా ఊరుకున్నాను కదరా!"

ముందు నాన్న నవ్వాడు. నవ్వడమంటే మామూలుగా కాదు, కారు బానెట్ పట్టుకుని. ఆ తర్వాత నేను. ఆ తర్వాత అందరూ. నవ్వుతుంటే నాకు కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. అవి ఎందుకొచ్చాయో అమ్మకు తెలుసు, చీర చెంగు కోటు కింద ఎక్కడో ఇరుక్కుంటే చేత్తోనే తుడిచింది.

"ఎక్కడుంది బాబాయ్ ఆ సంచి?"

డిక్కీ తెరిచి చూపించాడు. బియ్యం సంచి, మూతిదాకా నిండి ఉంది. భుజాన వేసుకుని వాళ్ళ మధ్యకి వచ్చాను. మంచులో నాకోసం నిలబడ్డ ఆంటీలు, అంకుళ్ళు, ఈలలు వేసి గొంతులు పోగొట్టుకున్న కుర్రాళ్ళు, నాన్న, బాబాయి, అమ్మ. నా ఎత్తు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది. చెయ్యి పైకెత్తి గుప్పిళ్ళకు గుప్పిళ్ళు వాళ్ళందరి నెత్తిన పోశాను. ముందుగా మాస్టర్స్ అంకుల్ మీద, తర్వాత బాబాయి మీద, సంచి అడుగున మిగిలిందంతా అమ్మ మీద.

సెక్యూరిటీ మనిషి కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు. చీపుళ్ళు ఆయనే తెచ్చిచ్చాడు. మేమంతా కలిసి లాట్ ఊడ్చి, ఆకలిమీద ఇంటికి బయల్దేరాం. అమ్మ జుట్టునిండా కాగితం ముక్కలతోనే కారెక్కింది. పార్సిప్పనీ చేరేదాకా ఒక్కటి కూడా దులుపుకోలేదు.